కొత్త కాపీ

మా నస్రుల్లాబాద్‌కు హిట్టు సినిమా ముందు చెవికి వచ్చేది. కంటికి రావడానికి నెలలు పట్టేది. హైదరాబాద్‌లో యాభై రోజులు దాటి, నిజామాబాద్‌లో ఆడి, బోధన్‌లో ఆడి, అప్పుడు గానీ రీళ్ల డబ్బాలు బాన్సువాడలో దిగేవి కావు. ఆ రోజుల్లో ఎంత పెద్ద హీరో సినిమాకైనా ప్రింట్లు పదుల్లోనే తీసేవారు. అవి పెద్ద ఊళ్లలో అరిగి, నిండా గీతలు పడి, మా దాకా వచ్చేసరికి ఎక్కడో ఒక పాటలో చరణం కూడా ఎగిరిపోయి ఉండేది. అయినా మాకు లోటనిపించేది కాదు. ఆ పాట మాకు అప్పటికే నోటికి వచ్చు. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం విన్నాం, పెళ్లిళ్లలో మైకుసెట్టు మీద విన్నాం. నిజామాబాద్‌లో చుట్టాలింటికి పోయి చూసొచ్చినవాడు కాలువగట్టు మీద కూర్చుని ఫైటింగులతో సహా కథంతా చెప్పేవాడు. వంద రోజుల వేడుకలు, షీల్డులు, కలెక్షన్ల లెక్కలు మేము పేపర్లో చూసే సంగతులు. అవి పట్నం ముచ్చట్లు.

మా లెక్క వేరేగా ఉండేది. బాన్సువాడ నుంచి మైకు కట్టిన జీపు వచ్చేది. గులాబి రంగువి, పసుపు రంగువి పలుచటి కాగితాలు గాల్లోకి విసురుకుంటూ పోయేది. పిల్లలందరం దుమ్ములో దాని వెంట ఉరికేవాళ్లం. ఏరుకొచ్చిన కాగితం ఇంట్లో చదివి వినిపించాలి, ఎందుకంటే మా అవ్వకు, అంటే అమ్మకు, చదువు రాదు. "ఏం సినిమారా?" అని పొయ్యి కాడి నుంచే అడిగేది. "లవకుశ అంట అవ్వా" అంటే వెంటనే వచ్చే రెండో ప్రశ్న "కొత్త కాపీయేనా?" అని. పాత సినిమా మళ్లీ ఆడించేటప్పుడు పోస్టరు మీద, కాగితం మీద ఆ మాట పెద్దక్షరాలతో వేసేవారు. అంటే అరిగిపోయిన ప్రింటు కాదు, డబ్బు పెట్టి మళ్లీ తీయించిన ప్రింటు అని. పెద్దయ్యాక నాకు దాని విలువ అర్థమైంది. సినిమా మొదటిసారి ఆడడానికి ప్రచారం చాలు, హీరో పేరు చాలు, పండుగ సెలవులు చాలు. పదేళ్ల తర్వాత, ఇరవై ఏళ్ల తర్వాత ఒక పంపిణీదారుడు తన చేతి డబ్బుతో దానికి కొత్త ప్రింటు తీయించాడంటే, బాన్సువాడ లాంటి ఊళ్లో కూడా జనం మళ్లీ వస్తారని అతనికి గట్టి నమ్మకం ఉన్నట్టు. టీవీలు లేని కాలంలో సినిమా ఆయుష్షు చెప్పే పరీక్ష అదొక్కటే.

ఆ పరీక్షలో ఎప్పుడూ నెగ్గేవి కొన్నే. 1951 నాటి పాతాళభైరవి, 1957 నాటి మాయాబజార్, 1962 నాటి గుండమ్మ కథ, 1963 నాటి లవకుశ. తెలుగులో పూర్తి రంగుల్లో వచ్చిన మొదటి సినిమా లవకుశ. మా నాయనమ్మకు అది సినిమా కాదు, తీర్థం. ఆమె జీవితంలో హాలుకు పోయింది దానికోసమే, వచ్చినప్పుడల్లా పోయింది. ఇవన్నీ మొదటిసారి ఆడినప్పుడు కూడా బ్రహ్మాండంగా ఆడిన సినిమాలే అన్నది మరవకూడదు. డబ్బు చేసుకున్న సినిమా నిలవదని, నిలిచే సినిమాకు డబ్బు రాదని కొందరు పెద్దమనుషులు అంటుంటారు. మా హాలు ముందు బండ్ల వరస చూసినవాళ్లెవరూ ఆ మాట ఒప్పుకోరు. అయితే ఆ ఏళ్లలోనే, ఆ హాళ్లలోనే, అంతే జనంతో ఆడిన సినిమాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటికి కొత్త కాపీ రాలేదు. ఎందుకు రాలేదన్నదే నన్ను చిన్నప్పటి నుంచి తొలుస్తున్న ప్రశ్న.

దానికి ముందు మా ఊరి సంగతి కొంత చెప్పాలి. బాన్సువాడ నుంచి వర్ని దిక్కు పోయే తోవలో ఉంటుంది నస్రుల్లాబాద్. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో మండల కేంద్రం. 2016లో కొత్త జిల్లాలు, మండలాలు చేసినప్పుడు ఆ హోదా వచ్చింది. నా చిన్నతనంలో బీర్కూరు మండలంలో ఒక ఊరు మాత్రమే. మాకు అన్నం పెట్టింది నిజాంసాగర్ కాలువ. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి పూర్తిచేసిన ఆ ప్రాజెక్టు నీళ్లతో వరి, చెరకు పండేవి. చెరకు బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్‌కు పోయేది. చెరకు పైసలు చేతికి వచ్చిన వారం బాన్సువాడ హాల్లో నేల టికెట్టుకు కూడా తోపులాట. నిజాంసాగర్ నిండని ఏడు ఆ హాలూ నిండేది కాదు. సినిమా వ్యాపారంలో మా ప్రాంతాన్ని ఇప్పటికీ 'నైజాం' అనే పిలుస్తారు. నైజాంలో ఇంత షేరు వచ్చిందని పేపర్లో చదివినప్పుడల్లా, ఆ అంకెలో కాలువ నీళ్లు ఎంత, కైకిలి పైసలు ఎంత అని నాకు లెక్క వేయబుద్ధవుతుంది.

ఆ కాలువే మాకు మరో ఊరినీ తెచ్చింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి ఆయకట్టులో భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. బళ్లో మా బెంచీ మీద మా ఊరి పిల్లలు, క్యాంపు పిల్లలు, తండా పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు కలిసే కూర్చునేవాళ్లం. క్యాంపు పిల్లల మాట అచ్చంగా సినిమాలో హీరో మాటలా ఉండేది. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే తెలుగు, తెర మీద తెలుగు ఒకటే. మాది కాదు. అది మాకు అప్పుడు బాధ అనిపించలేదు. ఆకాశం నీలంగా ఉన్నట్టు, హీరో అట్లాగే మాట్లాడతాడు అనుకున్నాం.

బడి వార్షికోత్సవం నాడు మోనో యాక్షన్ అంటే దానవీరశూరకర్ణలో దుర్యోధనుడే. 1977 సంక్రాంతికి వచ్చిన సినిమా. ఎన్‌టీఆరే తీసి, ఎన్‌టీఆరే కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడు వేషాలూ వేసిన, దాదాపు నాలుగు గంటల సినిమా. మాటలు కొండవీటి వేంకటకవి రాశారు. అదే పండుగకు కృష్ణ కురుక్షేత్రం కూడా వచ్చింది. రెండింటి మీద పెద్దవాళ్లు చాలా ఏళ్లు వాదించుకున్నారు. కానీ మా బడిలో ఆ వాదన లేదు, ఎందుకంటే కర్ణ డైలాగుల క్యాసెట్టు మార్కెట్లో ఉంది. దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ నేర్చుకోవచ్చు. మా తరగతిలో దుర్యోధనుడి మాటలు అందరికంటే బాగా చెప్పినవాడు తండా పిల్లవాడు. ఇంట్లో లంబాడీ, వీధిలో మా యాస, స్టేజీ మీద ఊపిరి తిప్పుకోకుండా సంస్కృత సమాసాలు. ఆ సమాసాలకు అర్థం వాడికీ తెలియదు, చప్పట్లు కొట్టిన మాకూ తెలియదు. అయినా ఆ రాత్రి వాడి గొంతులో ఉన్న ఠీవి నాకు ఇవాళ్టికీ వినబడుతుంది. ఒక సినిమా ఏం మిగిల్చిందని అడిగితే నేను మొదట చెప్పేది అదే. కూలికి పోయే తల్లిదండ్రుల కొడుకు రాజులా నిలబడి మాట్లాడడానికి కావలసిన మాటలు అది ఇచ్చింది.

పాటలూ అట్లాగే పనికి వచ్చాయి. భజన మండలి వాళ్లు సినిమా బాణీలో దేవుడి పాట కట్టుకునేవారు. బతుకమ్మకు ఆడపిల్లలు ఆ ఏడు హిట్టు పాట వరసను చప్పట్లకు సరిపోయేలా నెమ్మదించుకునేవారు. చిరుతల రామాయణం ఆడేవాళ్లు రావణుడి రాకకు ఏ సినిమా బాణీ అయితే బాగుంటుందని గురువుతో చర్చలు పెట్టేవారు. ఏ పాటను ఇట్లా కోసుకుని, కుట్టుకుని తొడుక్కోగలిగారో ఆ పాట ఉంది. మిగతావి పోస్టర్లతో పాటు వానకు పోయాయి. 1992లో ఘరానా మొగుడు వచ్చినప్పుడు ఆ కలెక్షన్ల గురించి మాట్లాడనివాడు లేడు. నేనూ మురిసిపోయి చూశాను. స్టెప్పులు నేర్చుకున్నాం, జుట్టు పెంచుకున్నాం. 1989లో శివ వచ్చినప్పుడు సైకిలు చైను లాగి చూడని కుర్రాడు మా దగ్గర లేడు. ఆ సంబరాన్ని నేను తక్కువ చేయను. ఆ వయసుకు అది కావాలి. కానీ ఆ జుట్టు, ఆ స్టెప్పు తర్వాతి సినిమా రాగానే మారిపోయాయి. దుర్యోధనుడు మారలేదు. మా తర్వాత వచ్చిన తరగతులూ అతన్నే నేర్చుకున్నాయి.

వినాయక చవితి వచ్చిందంటే చందాలు వేసుకుని కలర్ టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చేవాళ్లు. విగ్రహం పక్కనే బల్ల వేసి టీవీ పెట్టి రాత్రంతా సినిమాలు. ఏ క్యాసెట్టు తేవాలన్న దాని మీదే పెద్ద పంచాయితీ. పోరగాళ్లకు కొత్త ఫైటింగు సినిమా కావాలి. ఆడవాళ్లకు ఏడుపు సినిమా కావాలి. ముసలివాళ్లకు పౌరాణికం కావాలి. మొదటిది పోరగాళ్ల మాట మీదే నడిచేది. తెల్లవారుజామున, సగం మంది నిద్రపోయాక, చివరి ఆటగా మాయాబజార్ పడితే మాత్రం పడుకున్నవాళ్లు లేచి కూర్చునేవారు. 2010లో దానికి రంగులద్ది విడుదల చేశారని విన్నప్పుడు మా అవ్వ బతికి ఉంటే కొత్త కాపీ వచ్చిందనే అనుకునేది.

మా యాస సంగతి ఇంకా మిగిలి ఉంది. తెర మీద అది మాకు వినబడింది, కానీ ఎవరి నోట? 1985లో ప్రతిఘటన వచ్చింది. కోట శ్రీనివాసరావు గొప్ప నటుడు, ఆ కాశయ్య పాత్ర ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. ఆ దుర్మార్గుడు మాట్లాడింది మా మాట. హాల్లో మావాళ్లు పకపకా నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎన్నేళ్లు చూసినా అంతే. రౌడీకి మా యాస, పనివాడికి మా యాస, నవ్వించేవాడికి మా యాస. ప్రేమించే అమ్మాయికి, కొడుకును తలచుకునే తల్లికి, న్యాయం చెప్పే హీరోకు మాత్రం కాదు. వందల హిట్లు వచ్చాయి, కోట్లు పోగయ్యాయి, అందులో మా పైసలూ ఉన్నాయి. మా అవ్వ ఏడ్చినట్టు ఏడ్చే తల్లి ఒక్కతె కూడా ఆ సినిమాల్లో లేదు. ఇది నాకు హైదరాబాద్‌లో కాలేజీకి వచ్చాక తెలిసింది. నోరు తెరవగానే పక్కవాళ్లు సినిమాలో విలన్‌లా మాట్లాడుతున్నావని నవ్వినప్పుడు, పెద్ద సినిమాలు మనుషుల మీద ఎంత లోతు గుర్తు వేస్తాయో అర్థమైంది. సాంస్కృతిక ప్రభావం అని గౌరవంగా చెప్పుకుంటాం గానీ, అది అన్నిసార్లూ మంచిదే కానక్కర్లేదు. హిట్టు సినిమా ఒక జిల్లా పిల్లల నోరు మూయించగలదు కూడా.

మా భూమి సినిమాను నేను చాలా ఆలస్యంగా చూశాను. కానీ అందులో గద్దర్ తెర మీద కనిపించి పాడే బండి యాదగిరి పాట నాకు ముందే తెలుసు. మా దిక్కు సభల్లో, పొలాల్లో అందరికీ వచ్చిన పాట అది. కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా, బి.నర్సింగరావు నిర్మాణంలో, బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ తీసిన మొదటి పెద్ద సినిమా. 1980లో జనం ముందుకు వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటం కథ. స్టార్లు లేరు. మా బాపు తరం రజాకార్ల రోజుల గురించి చెప్పే ముచ్చట్లు తెర మీద చూడాలంటే అదొక్కటే ఉండేది. అందులో రామయ్యగా వేసిన కుర్రాడు సాయిచంద్. వసూళ్ల పట్టికల్లో ఆ సినిమా పేరు మీకు దొరకదు. తెలంగాణ ఉద్యమంలో ఏ ధూంధాం వేదిక ఎక్కినా ఆ పాట వినబడింది.

2017 ఏప్రిల్ 28న బాహుబలి రెండో భాగం వచ్చింది. వెయ్యి కోట్లు దాటిన మొదటి భారతీయ సినిమా. తెలుగు సినిమాను ఆ మెట్టు మీద చూడడం నాకు గర్వంగానే అనిపించింది, ఇప్పటికీ గర్వమే. మొదటి భాగం మిగిల్చిన, కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న అంతకు ముందు రెండేళ్లపాటు మా బస్టాండు చాయ్ బండి దగ్గర కూడా నలిగింది. అంత పెద్ద దేశంలో అన్ని భాషల వాళ్లను ఒకే కథ గురించి రెండేళ్లు ఆలోచింపజేయడం చిన్న పని కాదు. జవాబు దొరికాక ఆ ప్రశ్న ఆగింది. మా దిక్కు ఫంక్షన్ హాళ్ల అలంకరణల్లో మాహిష్మతి ద్వారం మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది.

మూడు నెలలు తిరగకముందే, జూలై 21న, ఫిదా వచ్చింది. శేఖర్ కమ్ముల తీసిన ఆ సినిమాలో కథానాయిక భానుమతిది బాన్సువాడ. కథలో చాలా భాగం మా దిక్కే, ఆ భాగం చిత్రీకరణ కూడా బాన్సువాడలోనే చేశారు. నిర్మాత దిల్ రాజుది నిజామాబాద్ దగ్గరి నర్సింగ్‌పల్లి. సాయిపల్లవి తమిళనాడు అమ్మాయి. పుట్టింది నీలగిరుల్లోని కోటగిరిలో. మాకు దగ్గర్లోనూ ఒక కోటగిరి ఉంది, ఆ సంగతి తెలిసి మావాళ్లు పొంగిపోయారు. ఆమె తన గొంతుతోనే మా మాట మాట్లాడింది. చదువుకున్న పిల్ల, పొగరున్న పిల్ల, ఊరినీ తండ్రినీ విడిచి అమెరికా ఎందుకు పోవాలని అడిగే పిల్ల, తెర మధ్యలో నిలబడి మా యాసలో అడుగుతోంది. హాలంతా నవ్వింది. ఈసారి ఆ నవ్వు వేరు. ఆ అమ్మాయికి తండ్రిగా ఎవరున్నారనుకున్నారు? మా భూమి రామయ్య, సాయిచంద్. ఎన్నో ఏళ్ల తర్వాత తెరకు తిరిగొచ్చి, బాన్సువాడ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా కూర్చున్నాడు. నేను ఆ ముఖాన్ని చూస్తూ కథ కాసేపు మరిచిపోయాను.

ఫిదా కూడా ఆ ఏడు పెద్ద హిట్టే. కానీ నాకు దాని లెక్క కలెక్షన్లతో తెగదు. మా అన్న బిడ్డ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు ఊరేదని అడిగితే "బాన్సువాడ దగ్గర" అని చెప్పిందట. అవతలి పిల్లలు "భానుమతి ఊరా!" అని చుట్టూ చేరారట. నేను అదే నగరంలో, అదే మాట పలికి, నోరు మూసుకున్న వయసు ఆ పిల్లది. ఆ తర్వాత తెలుగు సినిమాలో మా మాట హీరోకు, హీరోయిన్‌కు అలవాటైపోయింది. ఫిదా ఒక్కటే ఇదంతా చేసిందనను. అంతకు ముందే పెళ్లిచూపులు వచ్చింది, అన్నింటికన్నా ముందు రాష్ట్రం వచ్చింది. కానీ మా జిల్లా పేరుతో వచ్చింది ఇదే.

ఈ మధ్య పాత సినిమాలు మళ్లీ హాళ్లకు వస్తున్నాయి. 2022 ఆగస్టులో పోకిరితో ఊపందుకున్న వరస అది. అందులో అభిమానుల పండుగే ఎక్కువ. అయినా ఖలేజా సంగతి చూడండి. 2010లో ఆడలేదు. టీవీలో పదే పదే చూసి, మాటలు నోటికి పట్టి, పదిహేనేళ్ల తర్వాత 2025లో జనం టికెట్టు కొని హాలు నింపారు. మొదటి వారం తీర్పును ఇళ్లలో కూర్చున్న ప్రేక్షకులు తిరగరాశారు. అప్పట్లో మా బాన్సువాడ హాలు నడిపిన పెద్దమనిషి ఉంటే దానికి తప్పకుండా కొత్త కాపీ తెప్పించేవాడు.

ఇక బలగం. 2023 మార్చి 3న వచ్చింది. మరో పది రోజులకు నాటు నాటు పాటకు ఆస్కార్ వచ్చింది. రాసిన చంద్రబోస్‌ది వరంగల్ దిక్కు చల్లగరిగ. ఆ ఉదయం ఊళ్లో మిఠాయిలు పంచుకున్నారు. అదే నెలలో, ఆ తర్వాతి నెలలో, తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ముందు, బడి మైదానంలో తెరలు కట్టి బలగం వేసుకున్నారు. మా చిన్నప్పటి వినాయకుడి మండపం సినిమాల మాదిరిగానే. ఓటీటీలోకి వచ్చాక కూడా ఒక్కరే ఫోనులో చూసి ఊరుకోలేదు, ఊరంతా కలిసి చూడాలనుకున్నారు. ఆ ఆటలకు టికెట్టు లేదు, అవి ఏ వసూళ్ల లెక్కలోకీ రావు. కొమురయ్య చచ్చిపోతాడు, పిట్ట ముట్టదు, నల్లి బొక్క కాడ మొదలైన పగ ఇంటిని రెండు చేసి ఉంటుంది. చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు బుర్రకథ పాడుతుంటే మా దిక్కు మగవాళ్లు తువ్వాళ్లు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

సినిమా అయిపోయాక ఎవరూ ఇండ్లకు పోలేదు. మా పెద్దమ్మలు, చిన్నమ్మలు గుంపుగా కూర్చుని దినాల పద్ధతుల మీద వాదన పెట్టుకున్నారు. మూడొద్దులకు ఏం వండాలి, పదకొండొద్దులకు ఎవరు ముందు నిలబడాలి, సినిమాలో చూపించింది సరైనదా కాదా. మా అవ్వ తరంలో మిగిలిన ఒక్క పెద్దమ్మ అందరి మాటా ఆగేదాకా చూసి చెప్పింది:

"తీసిన పిలగాడు సిరిసిల్లోడంట. మంచిగనే తీసిండు బిడ్డా, ఏడిపిచ్చిండు. గని గంతమంది దగ్గర నిలబడితె పిట్టెట్లొస్తదే? గది తెల్వదా ఆనికి?"